రెండో బ్రేకు

గిన్నె గోడకు తగిలి, నేలమీద పడి, గిరగిరా తిరిగి మంచం కిందికి దూరింది. అందులోని జావ మాత్రం కూతురి ఒళ్ళోనే ఉండిపోయింది.

"పోనీ," అన్నాడు మాస్టారు, పైకప్పు వంక చూస్తూ.

"విన్నావా అమ్మా? మళ్ళీ అదే మాట!" కూతురు ఒళ్ళో జావ తుడుచుకోవడం కూడా మర్చిపోయింది. "ప్రాణం పోనీ అంటున్నాడు. నోట్లో స్పూను పెట్టినప్పుడల్లా నన్ను పోనీ, నన్ను పోనీ అంటే నేనెలా తినిపించను? ఇక నావల్ల కాదు."

పెద్దావిడ తడిగుడ్డ పట్టుకుని గుమ్మంలోనే నిలబడిపోయింది. ముందు మొగుడి మూతి తుడవాలో, కూతురి కళ్ళు తుడవాలో ఆమెకు తోచలేదు.

ఊళ్ళో సగంమందికి కారు నేర్పిన నోరు అది. ఆ నోటితో తిట్లు తినకుండా లైసెన్సు తెచ్చుకున్న మగాడు గానీ ఆడది గానీ లేదు. "క్లచ్ అంటే కాలికింద కప్ప అనుకున్నావా, అలా తొక్కుతున్నావ్?" అని ఆయన అరిస్తే పక్క వీధిలో బళ్ళు కూడా ఆగేవి. మెదడులో ఎక్కడో నెత్తురు గడ్డకట్టి ఆ తిట్లన్నిటినీ ఊడ్చుకుపోయింది. పోతూపోతూ కుడిచెయ్యినీ కుడికాలినీ కూడా పట్టుకుపోయింది. ఒక్క 'పోనీ' మాత్రం మిగిల్చింది.

"కొందరికి ఇలా ఒక్క మాటే మిగులుతుంది. దానికి అర్థం ఉండొచ్చు, లేకపోవచ్చు," అన్నాడు డాక్టరు. డాక్టరుకు లేని అర్థం ఇంటిల్లిపాదికీ దొరికింది. మనిషి బతుకు మీద విసిగిపోయాడు, అంతే.

కూతురు మొగుడి వైపు తిరిగింది. అతను మంచానికి ఎదురుగా కుర్చీలో కూర్చుని ఉన్నాడు, రోజూ కూర్చున్నట్టే.

"మీరైనా నోరు విప్పండి. ఆస్పత్రిలో మిమ్మల్ని చూస్తే వార్డంతా లేచి కూర్చుంటుందట. మా నాన్న దగ్గరికి వచ్చేసరికి మీరే రాయిలా కూర్చుంటారు. ఇదేనా మీ నర్సింగు?"

"ముట్టుకోనివ్వడం లేదు కదా బుజ్జీ. నేను రాగానే కళ్ళు మూసుకుంటున్నారు."

"మూసుకుంటే మూసుకోనీ! నువ్వు తినిపించవు, నువ్వు అడగవు, ఊరికే కూర్చుంటావ్. ఆయన చచ్చిపోతుంటే లెక్కపెట్టడానికా?"

తల్లి ముందు ఎప్పుడూ 'మీరు' అనే పిల్ల. కోపంలో 'నువ్వు' బయటపడింది. పెద్దావిడ విననట్టు తల తిప్పుకుంది.

అల్లుడు లేచి, మంచం కిందికి వంగి గిన్నె తీశాడు. నేల తుడిచాడు. మాస్టారు కళ్ళు గట్టిగా మూసుకున్నాడు.

ఆ కళ్ళు ఎందుకు మూతపడుతున్నాయో ఆ గదిలో అందరికీ తెలుసు. పిల్లనడగడానికి వచ్చిన రోజున ఇతనితో మాస్టారు అన్న మాట మామూలు మాట కాదు. "మగపుటక పుట్టి మంచం కింద గిన్నెలెత్తే ఉద్యోగమా? ఆ చేత్తో నా తలుపు ముట్టుకోకు." పెళ్ళి ఆయన లేకుండానే జరిగింది. కూతురి ఇంటి గడప ఆయన తొక్కలేదు. ఇప్పుడు తొక్కకుండానే వచ్చాడు, స్ట్రెచరు మీద. వద్దనడానికి నోరు లేక.

ఇంతలో పెద్దావిడ ఫోను మోగింది. కూతురి అన్న, పెద్దాడు.

"మధ్యాహ్నం బండి తీసుకొస్తున్నానమ్మా," అన్నాడు. "మంచాన పడ్డవాళ్ళని చూసుకునే ఆ కేంద్రంవాళ్ళతో మాట్లాడాను. ముక్కులోంచి గొట్టం వేసి వాళ్ళే తిండి పెడతారు. బట్టలు సర్ది ఉంచు."

"మళ్ళీ చెయ్యి కడతారా?" అంది పెద్దావిడ.

ఆస్పత్రిలో మాస్టారు గొట్టం పీకేస్తున్నాడని, పనిచేసే ఆ ఒక్క ఎడమచేతినీ గుడ్డతో మంచానికి కట్టారు. ఇంటికి వచ్చాక కూడా మణికట్టు మీద కమిలిన గుర్తు చాలా రోజులు పోలేదు.

"కడితే కట్టనీ అమ్మా. ఆకలితో పోవడం కంటే నయం కదా? నన్నేం చెయ్యమంటావ్ చెప్పు."

ఆమె ఏం చెప్పగలదు? కొడుకు అన్నదాంట్లో అబద్ధం లేదు. కూతురి ఏడుపులోనూ అబద్ధం లేదు. విడవమంటే పాముకు కోపం, కరవమంటే కప్పకు కోపం. ఆమె ఫోను పెట్టేసి గోడకు ఆనుకుంది.

అల్లుడు వంటింట్లోకి వెళ్ళి మళ్ళీ జావ కాచాడు. ఈసారి కాస్త చిక్కగా. "పల్చగా ఉంటే గొంతులో అదుపు తప్పి ఊపిరితిత్తుల్లోకి జారుతుంది," అన్నాడు తనలో తాను అనుకుంటున్నట్టు. గిన్నె తెచ్చి గది బయట బల్లమీద పెట్టాడు. చేతులు కడుక్కుని, తలుపు చట్టం మీద అరచెయ్యి ఆనించి, తల వంచుకుని నిలబడ్డాడు.

రోజూ ఇంతే. లోపలికి వెళ్ళేముందు ఇలా కాసేపు నిలబడతాడు. పెద్దావిడ చూస్తూనే ఉంది. రోజూ ఆమె గుండెల్లో ముల్లు గుచ్చుకుంటూనే ఉంది.

ఇవాళ ఆపుకోలేకపోయింది.

"అడగొచ్చో లేదో తెలీదు బాబూ. లోపలికి వెళ్ళేముందు ఇక్కడ ఆగుతారెందుకు? ఆయన్ని చూస్తే అసహ్యమా?"

అల్లుడు ఉలిక్కిపడ్డాడు. "అసహ్యం కాదు అత్తయ్యా. కోపం."



"మా చదువులో ఒక సిద్ధాంతం ఉంది," అన్నాడతను గొంతు తగ్గించి. "మనిషిని మనిషి కడుపులో పెట్టుకుని చూడటం గురించి. సూది వేయడం, కట్టు కట్టడం, పక్క మార్చడం, ఇవన్నీ పనులు. ఎవరైనా నేర్చుకోవచ్చు. కానీ ఆ పని చేసే క్షణంలో నర్సు మనసు కూడా అక్కడే ఉండి, మంచం మీదున్నది రోగం కాదు, నాలాంటి మనిషేనని చూస్తే, ఆ క్షణంలో ఏదో మారుతుందట. రోగిలో ఒక్కడిలోనే కాదు, ఇద్దరిలోనూ. ఈ పాఠం కొత్త నర్సులకు నేనే చెప్తాను. ప్రశ్నలడుగుతాను, మార్కులు కూడా వేస్తాను."

"మరింకేం?"

"ముక్కూమొహం తెలియనివాళ్ళ దగ్గర ఇది తేలికే అత్తయ్యా. మామయ్యగారి దగ్గరే నాకు ఎక్కాలు కూడా రావని తెలిసింది. కోపంతో లోపలికి వెళ్తే నా చేతులు దాన్ని దాచలేవు. నా చేతులు దాచకపోతే ఆయన ఒంటికి తెలిసిపోతుంది. అందుకని కోపం దిగేదాకా ఇక్కడ ఆగుతాను. దిగని రోజు ముట్టుకోను. ఊరికే తోడు కూర్చుని వస్తాను."

"ఇవాళ దిగిందా?"

"లేదు," అన్నాడు. చిన్నగా నవ్వాడు. "కానీ మధ్యాహ్నానికి బండి వస్తుంది కదా."

నలభై ఏళ్ళ కాపురంలో పెద్దావిడ ఆ మనిషికి వేళ తప్పకుండా వండిపెట్టింది, ఉతికిపెట్టింది, జ్వరమొస్తే తెల్లవార్లూ కాళ్ళు పట్టింది. ఎవరూ వంక పెట్టలేని సేవ. కానీ ఏ రోజున తన కోపాన్ని గుమ్మం బయట వదిలి లోపలికి వెళ్ళింది? మంచినీళ్ళ గ్లాసుతోపాటు అదీ ఆయన చేతికే ఇచ్చింది. చేతులు కోపాన్ని దాచలేవని ఆమెతో ఎవరూ అనలేదు. మొగుడి మీద కోపం ఇలా తలుపు దగ్గర నిలబడి దించుకోవలసినంత పెద్ద బరువని కూడా ఆమెకు ఇప్పటిదాకా తెలియదు.

అల్లుడు కుర్చీని మాస్టారి ఎడమవైపుకు, అంటే ప్రాణమున్న వైపుకు, జరుపుకుని కూర్చున్నాడు.

"మామయ్యగారూ, నేనే."

కళ్ళు మూసే ఉన్నాయి.

"మూసుకునే ఉండండి, ఫరవాలేదు. ఒక్క మాట చెప్పి ఊరుకుంటాను. అప్పుడు మీరన్న మాట నాకింకా గుర్తుంది. కోపం పోయిందని అబద్ధం చెప్పను. మీకూ నామీద పోలేదని తెలుసు. దాన్ని అలాగే ఉండనిద్దాం. అయినా మీకు ఆకలేస్తోందేమోనని నాకు బెంగగా ఉంది."

"ఏం మాటలండీ ఇవి, జబ్బుమనిషితో?" కూతురు ముందుకు రాబోయింది. పెద్దావిడ ఆమె చెయ్యి పట్టుకుని ఆపింది.

ఫ్యాను తిరుగుతున్న చప్పుడు. కింద వీధిలో ఎవరో బండి స్టార్టు కాక తంటాలు పడుతున్నారు. అల్లుడు గిన్నె వైపు చూడలేదు, గడియారం వైపు చూడలేదు. ఆ కుర్చీలో పూర్తిగా ఉన్నాడు. ఒక మనిషి అలా ఏమీ చేయకుండా ఇంకో మనిషి పక్కన కూర్చోవడం కూడా ఒక పనేనని, అదీ చెమటోడ్చే పనేనని పెద్దావిడకు అప్పుడు కళ్ళకు కట్టింది.

మాస్టారు కళ్ళు తెరిచాడు.

అల్లుణ్ణి చూశాడు. కింది నుంచి పైకి, పైనుంచి కిందికి. మొదటిరోజు పాఠానికి వచ్చినవాణ్ణి కారెక్కించే ముందు చూసే చూపు అది.

"పోనీ," అన్నాడు.

"మంచం తల కాస్త ఎత్తుతాను. ఎత్తనా?"

అడిగి ఆగాడు. మాస్టారి కనురెప్ప కదిలాకే ఎత్తాడు.

"నడుం వెనక దిండు పెట్టనా?"

మళ్ళీ ఆగాడు. పెదవి మూలనుంచి కారుతున్న చొంగను అతను తుడవలేదు. మెత్తటి గుడ్డ మడిచి మాస్టారి ఎడమచేతిలో పెట్టాడు. చెయ్యి తడబడి చెంప తుడిచింది, మళ్ళీ ముక్కు తుడిచింది, చివరికి మూతి దొరికింది. కూతురు సాయం చేయబోతే అల్లుడు కళ్ళతోనే వారించాడు.

పెద్దావిడ ఆ ఎడమచేతినే చూస్తోంది. జబ్బు పడ్డప్పటి నుంచి ఆ శరీరాన్ని ఎంతమంది ఎత్తారు, దించారు, దొర్లించారు! ఇంటివాళ్ళూ, పైవాళ్ళూ. 'చెయ్యనా?' అని ఒక్కరూ అడగలేదు. తనూ అడగలేదు.

మొదటి స్పూను లోపలికి వెళ్ళింది. "గడ్డం కాస్త కిందికి మామయ్యగారూ... అదీ." గొంతు కదిలింది. రెండోది కూడా దిగింది. మూడోది పెదవుల దగ్గరికి వచ్చేసరికి మంచం కిర్రుమంది.

అల్లుడి చెయ్యి గాలిలో ఆగింది. అతను మాస్టారి మొహం చూడలేదు. దుప్పటి కొసన బయటికి వచ్చిన ఎడమకాలును చూస్తున్నాడు. ఆ పాదం మంచం చివరి చెక్కను బలంగా నొక్కి పట్టింది. స్పూను వెనక్కి తీస్తే వదులైంది. దగ్గరికి తెస్తే మళ్ళీ నొక్కింది.

"అత్తయ్యా, ఆ కాలు చూడండి. నొప్పా? అలవాటా?"

పెద్దావిడ చూసింది. చూసి, ఎందుకో తనకే తెలియకుండా ఫక్కున నవ్వింది.

"అయ్యో, అది బ్రేకు బాబూ! నేర్పే కారులో ఈయన వైపు ఇంకో బ్రేకు ఉంటుంది కదా, నేర్చుకునేవాడు ఆపకపోతే ఈయన ఆపడానికి. ఎడమకాలు ఎప్పుడూ దానిమీదే. ఇంట్లో కుర్చీలో కూర్చున్నా అంతే. పొయ్యిమీద పాలు పొంగుతుంటే అక్కడ నేలను తొక్కేవారు. నిద్రలో కూడా వదల్లేదు. నా పిక్కల మీద ఎన్ని బ్రేకులు పడ్డాయో నాకు తెలుసు!"

కూతురు కూడా కన్నీళ్ళలోనే నవ్వేసింది. అల్లుడు మాత్రం నవ్వలేదు. స్పూనును గిన్నెలో పెట్టి, ఆ పాదాన్నే చూస్తూ ఉండిపోయాడు.

"మామయ్యగారూ, స్పూను పట్టేది నేను. నడిపించేది మీరు. కాలు నొక్కితే ఆపేస్తాను. మీరు పోనీ అంటేనే కదుపుతాను. సరేనా?"

మాస్టారి కళ్ళలో నీళ్ళు నిండాయి, కానీ అది ఏడుపు కాదు. రొమ్ము ఎగసింది.

"పోనీ!"

కూతురు గతుక్కుమంది. అది మంచం మీది మనిషి గొంతు కాదు. పచ్చలైటు పడ్డాక కూడా కదలని బండిలోంచి వీధి వీధంతా వినబడే గొంతు.

స్పూను కదిలింది. పాదం నొక్కింది. స్పూను ఆగింది. మింగడం అయింది. "పోనీ." మళ్ళీ కదిలింది. ఒకసారి అల్లుడు కాస్త తొందరపడితే మంచం చెక్క ఠపీమంది. "తప్పయిపోయింది," అన్నాడతను కారు నేర్చుకునేవాడిలా బుద్ధిగా. మాస్టారి ఎడమ పెదవి మూల పైకి లేచింది. జబ్బు పడ్డాక ఆ మొహంమీద అలాంటిది ఎవరూ చూడలేదు.

పెద్దావిడ మంచం కోడు పట్టుకుని నిలబడింది. ఇన్నాళ్ళూ ఆయన ప్రాణం పోనీ అనలేదు. బండి పోనీ అంటున్నాడు. ఆపమని కాలితో చెబుతుంటే ఎవరూ ఆపలేదు. బ్రేకు తొక్కినా బండి ఆగకపోతే ఆయన ఏం చేసేవాడు? స్టీరింగు లాక్కునేవాడు. పొద్దున్న గిన్నెను కొట్టింది ఆ చెయ్యే. చావు కోరుకుంటున్నాడని తాము ఏడ్చినంతసేపూ ఈ మనిషి లోపల కూర్చుని, ఒక్కడే, ఎవరికీ వినబడకుండా బండి నడుపుతూనే ఉన్నాడు.

గిన్నె అడుగు కనబడింది. అల్లుడు మోచేత్తో కళ్ళు తుడుచుకుని అత్తగారి వైపు తిరిగాడు.

"దిగింది అత్తయ్యా," అన్నాడు మెల్లగా.

ఏం దిగిందని ఆమె అడగలేదు. వంగి, మొగుడి ఎడమపాదం మీద అరచెయ్యి వేసింది. వేసేముందు, ఒక్క క్షణం ఆగి, "వెయ్యనా అండీ?" అంది.

పెద్దాడు వచ్చేసరికి మాస్టారు దిండుకు ఆనుకుని కూర్చుని ఉన్నాడు. స్ట్రెచరు మోసేవాళ్ళిద్దరినీ కిందే ఉంచి, మెట్లెక్కి ఆయాసపడుతూ వచ్చాడు.

"సర్దారా?" అన్నాడు చెమట తుడుచుకుంటూ.

కూతురు చేతులు తిప్పుతూ, కాలు చూపిస్తూ, ఏడుస్తూ నవ్వుతూ అంతా చెప్పింది. అతను చివరిదాకా విన్నాడు.

"గిన్నెడు జావ," అన్నాడు. "రేపు? ఎల్లుండి? నువ్వు ఉద్యోగం మానేస్తావా? బావగారు డ్యూటీ మానేస్తారా? ఒక్కో స్పూనుకు ఇంతసేపు ఎవరు కూర్చుంటారు బుజ్జీ?"

"అక్కడైతే చెయ్యి కడతారన్నయ్యా!"

"కడతారు! నాకు మాత్రం సరదానా? డాక్టరు ఆ మాటకు అర్థం లేదన్నాడు. మీరేమో దానికి పాఠం రాస్తున్నారు."

"అర్థం ఉండొచ్చు అని కూడా అన్నాడు," అంది పెద్దావిడ.

అందరూ ఆమె వైపు చూశారు. పిల్లలు వాదించుకునేటప్పుడు ఆమె మధ్యలో మాట్లాడటం ఎవరూ ఎరగరు. నోట్లో నాలుక లేని మనిషని ఆమెకు పేరు.

"నువ్వే ఒకసారి తినిపించి చూడరా. చూశాక తీసుకుపోతానంటే నేను అడ్డం రాను."

పెద్దాడు ఒక అడుగు వెనక్కి వేశాడు. "నాకు రాదమ్మా."

"రాకపోవడానికేముంది?"

"నాకు రాదు!" అతను అరిచాడు. "మీకందరికీ అదొక మాట. ఆ మాట వింటే నాకు ఇప్పటికీ కాళ్ళు వణుకుతాయి. పోనీ అంటాడు. ముందుకు పోనిచ్చినా తప్పే, ఆపినా తప్పే. మార్కెట్టు రోడ్డులో బండి ఆగిపోయినప్పుడు అందరిముందు చెంప పగలగొట్టాడు. అప్పుడు స్టీరింగు వదిలి దిగిపోయినవాణ్ణి మళ్ళీ పట్టుకోలేదు. ఇవాళ కూడా అద్దె బండిలోనే వచ్చాను, కారు నేర్పే మాస్టారి కొడుకుని!"

మాస్టారు కొడుకునే చూస్తున్నాడు.

అల్లుడు వెళ్ళి గ్లాసుతో మంచినీళ్ళు తెచ్చాడు. "ముందు తాగండి బావగారూ," అన్నాడు. తాను కూర్చున్న కుర్చీని అతనికి జరిపాడు. "భయం ఉంటే ఉండనివ్వండి. నేనూ చాలా రోజులు గుమ్మం బయటే నిలబడ్డాను."

మామగారితో మాట్లాడిన గొంతే అది. ఆ గొంతు రోగికొకటి, రోగి కొడుక్కొకటి ఉండదని పెద్దావిడకు అర్థమైంది. ఆ సిద్ధాంతం పేరేమిటో ఆమె అడగలేదు. ఆమెకు అది ఎదురుగా మనిషిలా కనబడుతోంది.

పెద్దాడు నీళ్ళు తాగాడు. కుర్చీలో కూర్చున్నాడు. అంత మనిషీ ఆ కుర్చీలో చిన్నవాడైపోయాడు. గిన్నె అంచుల్లో మిగిలిన జావను స్పూనులోకి తీసుకున్నాడు. స్పూను గడగడా వణికి జావ చుక్కలు దుప్పటి మీద పడ్డాయి.

తలుపు చప్పుడైంది. "సార్, స్ట్రెచర్ పైకి తెమ్మంటారా?"



మాస్టారి ఎడమచెయ్యి దుప్పటి మీంచి లేచింది. అది లేవడం చూసి పెద్దాడు కళ్ళు గట్టిగా మూసుకుని, మెడ భుజాల్లోకి లాక్కున్నాడు. ఆ చెయ్యి లేస్తే ఏమవుతుందో అతని ఒంటికి ఇంకా గుర్తుంది.

చెయ్యి వచ్చి కొడుకు మణికట్టు మీద వాలింది. వణుకుతున్న స్పూను ఆగింది.

మాస్టారి పెదవులు కదిలాయి. మెడ నరాలు ఉబ్బాయి, మొహం కందిపోయింది. 'పోనీ' అయితే ఇంత కష్టపడనక్కర్లేదు, అది దానంతటదే వస్తుంది. ఇది వేరే.

"మె..." అన్నాడు మాస్టారు. ఆగాడు. మళ్ళీ కూడదీసుకున్నాడు. "మె... ల్ల... గా."

పెద్దావిడ రెండు చేతులతో నోరు మూసుకుంది. నలభై ఏళ్ళలో, ఇంట్లో గానీ బండిలో గానీ, భార్యతో గానీ బిడ్డలతో గానీ, ఆ మనిషి నోట ఆ మాట రాలేదు.

"సార్?" తలుపు మళ్ళీ చప్పుడైంది. "బండి అడ్డంగా ఉందంటున్నారు సార్. తెమ్మంటారా, వద్దా?"

పెద్దాడు కళ్ళు తెరిచాడు. ముందు తలుపు వైపు చూశాడు. తరవాత తన మణికట్టు మీదున్న చెయ్యిని చూశాడు. స్పూను కింద పెట్టకుండానే, జవాబు చెప్పడానికి నోరు తెరిచాడు.